కావలి లేని ఆకాశము

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తన్ను జగద్గురువుగా నిలుపదలచిన నక్షత్ర సంఘమును 1929లో హాలండునందలి ఓమెన్ శిబిరమున స్వయముగా రద్దుచేసి, సత్యమునకు ఏ సంస్థయు దారి చూపజాలదని ప్రకటించినప్పుడు, వినువారి కెవరికైనను ఒక శంక పొడముట సహజము: పైన శాసించువాడు లేనిచోట క్రమ మెట్లు నిలుచును? పుంగనూరు, మదనపల్లె ప్రాంతములవారము ఆయనను మావాడని చెప్పుకొనుటయే గాని యీ శంకను తీర్చుకొనుటకు మిక్కిలి శ్రమపడినట్లు కానరాదు. నా మట్టుకు నాకు, దీనికి సమాధానము వేదాంతగ్రంథములలోకంటె చిన్న విమానములు దిగు మారుమూల విమానాశ్రయములలో స్పష్టముగా గోచరించినది.

వైమానికవిద్యకై మన తెలుగు యువకులును పోవుచున్న అమెరికాలో, కంట్రోల్ టవరు లేని విమానాశ్రయములు వేలకొలది కలవు. దిగుమని గాని ఆగుమని గాని చెప్పువాడు అచ్చట లేడు. పైలట్లు ఒకే రేడియో ఫ్రీక్వెన్సీపై తామున్న చోటును, చేయబోవు పనిని ప్రకటించుచు, సామాన్యముగా నేలకు వేయి అడుగుల యెత్తున, రన్‌వేను ఎడమచేతి వైపున నుంచుకొని చుట్టివచ్చి దిగుదురు. రేడియో లేని విమానము సైతము రావచ్చును. ఆ మౌనియు నియమబద్ధుడే. ఎదురెదురుగా వచ్చువారు ఇరువురును కుడికి తొలగవలయును. దారులు కలియుచోట కుడివైపున నున్నవానిది ముందుహక్కు. అయితే ఆ హక్కు గలవాడును ఢీకొనుటను తప్పించు బాధ్యతనుండి విముక్తుడు కాడని అంతర్జాతీయ నియమమే చెప్పుచున్నది. హక్కు నిచ్చియు, దానిని నమ్ముకొని నిద్రింపవలదన్న శాసనము ధర్మశాస్త్రములలోను అరుదని నా తలంపు.

ఇంతటికిని ఆధారము చూపు. కాని మానవనేత్రము కదలుదానిని పట్టినంత సులువుగా కదలనిదానిని పట్టదు. ఢీకొనబోవు విమానము ముందరి అద్దములో ఒకేచోట నిలిచిన చుక్కవలె నుండి, పక్కకు జరుగక, చిట్టచివరి క్షణములలో హఠాత్తుగా పెరుగును. రెక్కలు క్రిందనున్న విమానము పైనను, రెక్కలు పైనున్నది దాని క్రిందను దిగుచున్నచో, రెక్కల మరుగువలన ఇరువురికిని ఆకాశము శూన్యముగనే తోచును. కావుననే పైలట్లు ఆకాశమును పదేసి డిగ్రీల ఖండములుగా జూచుచు, ఒక్కొక్కదానిపై క్షణకాలము దృష్టి నిలుపుట నేర్తురు. ఇచ్చట ఏకాగ్రత చాలదు సరిగదా, హానికరము కూడను: మీటర్లపై మనస్సు లగ్నమైనవాడు తక్కిన లోకమును త్రోసివేసినవాడే. దేనిని వెలివేయక సమస్తమును గమనించు ఎఱుక వేఱని కృష్ణమూర్తి పలుమారు చెప్పినది, ఆయన స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాల చెట్లక్రింద వినుటకంటె ఇచ్చట తొందరగా తెలియును.

2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌ విమానాశ్రయము చెంత రెండు సెస్నా విమానములు ఢీకొని ముగ్గురు మరణించిరి. అచ్చట టవరు లేదు. కాని మాటకు కొదవ లేదు. ఇరువురును రేడియోలో పలికిరి. చిన్నవిమానపు పైలటు వెనుకవాని వేగమును గమనించి, దిగుట మానుకొందునని కూడ చెప్పెను. నేరుగా, దిగుటకు తగనంత వేగముతో వచ్చిన రెండింజన్ల విమానపు పైలటు ముందున్నదానిని చూచి తప్పింపకపోవుటనే విచారణకర్తలు కారణముగా నిర్ణయించిరి. టవరున్నచో ఈ ఆపద తప్పియుండునని వెంటనే యనువారు కలరు. అయితే కంట్రోలరు ఉన్నచోటను ఆపద తప్పలేదు: 1996లో మన దేశమున చర్ఖీ దాద్రీపై రెండు విమానములు ఢీకొని 349 మందిని బలిగొన్న ప్రమాదము, కంట్రోలరు నిర్దేశించిన యెత్తును తప్పి ఒక విమానము క్రిందికి దిగుటవలన జరిగినది.