దిక్కును గూర్చి

బాల్కొండవారికి గోదావరి ఉత్తరమున నున్నది. నిర్మలువారికి అదే గోదావరి దక్షిణమున నున్నది. ఆ నదిపై కట్టిన శ్రీరామసాగరపు నీరు మాత్ర మిరువురికిని ఒక్కటియే. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున దిక్కును నవద్రవ్యములలో నొకటిగా నెన్ని, అది ఏకము, విభువు, నిత్యము నని నిర్ణయించెను; తూర్పు పడమరలను భేదము సూర్యాద్యుపాధుల వలన గలిగినదే గాని దిక్కునకు స్వతస్సిద్ధము గాదని వైశేషికుల మతము. ఈ మత మెంత సత్యమో, ఎండోస్కోపును పట్ట నేర్చుకొనువాని యవస్థను చూచిన నాకు మఱింత స్పష్టముగా దోచినది.

ఉదరమున చిన్న రంధ్రము చేసి లోనికి పంపు టెలిస్కోపు కొన తఱచుగా 30 డిగ్రీలు వాలుగా నుండును. దాని వెనుక కెమెరాను బిగింతురు. ప్రక్కగా లైటు కేబులు వచ్చి చేరును. టెలిస్కోపును కదల్పక కెమెరాను మాత్రమే త్రిప్పినచో తెరపై బొమ్మ యంతయు నొరిగి, కాలేయము గోడవలె నిలిచినట్లగును గాని, చూచుచున్న చోటు మాఱదు. కెమెరాను నిలిపి కేబులును త్రిప్పినచో బొమ్మ యొరగక, చూపు మాత్రమే వేఱొక మూలకు మరలును; కేబులు పైకున్నచో చూపు క్రిందికి, క్రిందికున్నచో పైకి. లోకము దొర్లుట వేఱు, చూపు మరలుట వేఱు. కొత్తవాడు ఈ రెంటిని కలగలిపి, తన చేతి యొరుగును రోగి దేహముపై నారోపించి కలవరపడును. వేదాంతులు చెప్పు అధ్యాస కింతకన్న ప్రత్యక్షోదాహరణము నే నెఱుగను.

జీర్ణాశయమును చూచు మెత్తని గొట్టమున నీ నిలుకడయు లేదు. రోగి యెడమప్రక్కకు పండుకొని యుండును. అనుభవజ్ఞుడు లోన నిలిచిన నీటిమడుగును ముందుగా వెదకి, దానిని బట్టి భూమి యెటున్నదో తెలిసికొనును. అచ్చట నీరే సూర్యుడు.

దిక్కు ఉపాధికల్పిత మన్నంతనే దానిని మిథ్య యని త్రోసివేయుదమా? వ్యవహారమున అది ప్రాణమంత బరువైనది. పిత్తాశయమును తీయునప్పుడు దిక్కు తప్పి, దాని చిన్న నాళమని భ్రమించి ప్రధాన పిత్తనాళమునే కోసిన యనర్థములు ప్రపంచమంతటను గలవు. ఆ పొరపాటు చేయి వణకుటవలన గాక, కన్ను నిశ్చయముగా చూచితి ననుకొనుటవలననే తఱచుగా కలుగును. కావుననే గురువులు, కత్తెర పెట్టుటకు ముందు టెలిస్కోపును వెనుకకు లాగి అంతయు నొకమాఱు చూడుమందురు. కాలేయపు అడుగున పెక్కుమందిలో కనబడు రూవియేర్ గాడిని పోల్చుకొని, ఆ గీతకు పైనే పని సాగింపుమందురు.