మత్తు చూపు అద్దము

కర్మెలులో గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు దినములలో నాబాలు తన యింట రాజోచితమైన విందు చేసెను (1 సమూ. 25). మూడువేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు గల ఆసామి. ఆ రాత్రి మిక్కిలి త్రాగి యుండెను. తన దృష్టిలో తాను ఎంత ఘనుడో! ఆ సమయముననే అబీగయీలు ఇల్లు చేరెను. నాలుగువందల మందితో కత్తి కట్టుకొని వచ్చుచున్న దావీదునకు ఎదురేగి, ఆ యింటివారి ప్రాణములను దక్కించి వచ్చిన స్త్రీ ఆమె. భర్తను చూచెను, తెల్లవారువరకు ఒక్క మాటయైనను చెప్పలేదు. ప్రాణాపాయపు వార్త వినదగినవానిగా ఆ రాత్రి అతడు ఆమెకు కనబడలేదు.

త్రాగుట పాపమా కాదా యని వాదించువారు తరచుగా విడిచిపెట్టు ప్రశ్న యొకటి ఇచట కలదు. త్రాగినవాడు తన్ను గూర్చి తానిచ్చుకొను సాక్ష్యము నమ్మదగినదేనా?

మద్యము మంచిచెడ్డలను తూచు శక్తిని మందగింపజేయును. త్రాసే చెడిన పిమ్మట తూకమెట్లు సరియగును? ఫ్రాన్సు దేశమున కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసి 2013లో ప్రకటించిన పరిశోధన యొకటి ఈ సంగతిని మరింత వింతగా చూపినది. కొందరికి మద్యము గల పానీయమును, కొందరికి మద్యము లేని దానిని ఇచ్చి, పిమ్మట వారిచేత మాటలాడించి, మీరెంత ఆకర్షణీయముగా, ఎంత చమత్కారముగా ఉంటిరని అడిగిరి. మద్యము త్రాగితిమని నమ్మినవారు, నిజముగా త్రాగకపోయినను, తమకు తామే ఎక్కువ మార్కులు వేసికొనిరి. ఆ చిత్రములను చూచిన పరీక్షకులకు మాత్రము ఆ హెచ్చు ఏమియు కనబడలేదు.

పెండ్లి విందులలోను, ఉద్యోగుల వీడ్కోలు విందులలోను జరుగుచున్నదిదియే. "నలుగురితో కలియవలెను గదా" యని యువకుడు గ్లాసు అందుకొనును. కొందరు అతని మాటకు నవ్వుదురు, కొందరు అతనిని చూచి నవ్వుదురు. ఆ భేదమును ఎరుగుటకు కావలసిన తెలివియే మొదట పోవును. ప్రక్కన తల వంచుకొని కూర్చున్న భార్యకు మాత్రము అది తెలియును.

అయితే చూచువారి తీర్పు సదా సరియైనదనియు చెప్పరాదు. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదలుట చూచి, యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలనుకొనెను. పెంతెకొస్తు దినమున అపహాసకులు శిష్యులను అట్లే యనిరి. ఇంకను ప్రొద్దుటి వేళయేనని పేతురు వారికి గుర్తు చేయవలసి వచ్చెను. ఆలయపు గుమ్మము నొద్ద కూర్చున్నవారే ఇట్టి తప్పులో పడుట గమనింపదగినది. హన్నా తన మనోవేదనను తెలుపగా ఏలీ తన మాటను దిద్దుకొని, ఆమెను దీవించి పంపెను.

నాబాలునకు మత్తు దిగినది మరునాటి ఉదయమున. అబీగయీలు అప్పుడు సంగతి యంతయు చెప్పెను; దాచలేదు, ముందురాత్రిని ఎత్తిపొడిచినట్లును వ్రాయబడలేదు. వినగల మనుష్యుడు తిరిగి వచ్చువరకు ఆమె వేచియుండెను.