కాకి, తాటిపండు, విస్కీ సీసా

కాకి వాలింది, తాటిపండు రాలింది. రెంటికీ సంబంధం లేదనడానికి మనకో మాట ఉంది: కాకతాళీయం. నిజానికి ఆ మాట అనే హక్కు మనకెప్పుడు వస్తుంది?

1975లో పారిస్‌లో జాక్ టిట్స్ ఉపన్యాసం. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టినట్టే, సౌష్ఠవాల లెక్కలైన పరిమిత గ్రూపుల్ని సింపుల్ గ్రూపులుగా విడగొట్టొచ్చు. వీటిలో ఏ కుటుంబంలోనూ ఇమడనివి 26. అందులో అతి పెద్దదాన్ని తర్వాత మాన్‌స్టర్ అన్నారు. అప్పటికి దాన్నింకా ఎవరూ నిర్మించలేదు, ఉంటే ఎంత ఉండాలో మాత్రం తెలుసు: 54 అంకెల సంఖ్య. టిట్స్ దాన్ని బోర్డు మీద రాశాడు. అంత పెద్ద సంఖ్యనీ భాగించే ప్రధాన సంఖ్యలు 15 మాత్రమే. 71తో ఆఖరు. మధ్యలో 37, 43, 53, 61, 67 లేవు.

వింటున్నవాళ్లలో ఆండ్రూ ఆగ్ ఉన్నాడు. గ్రూపులతో పనిలేని వేరే దారిలో, ఎలిప్టిక్ కర్వ్‌ల లెక్కల్లో, ఆయనకి తేలినవీ సరిగ్గా ఆ 15 ప్రధాన సంఖ్యలే! ఎందుకో చెప్పినవాళ్లకి ఒక జాక్ డేనియల్స్ విస్కీ సీసా ఇస్తానని తన పేపర్లో రాసిపెట్టాడు.

ఫ్యాన్సీ నంబరు కోసం లక్షలు పోసేవాళ్లూ సంఖ్యల్లో అర్థం వెతుకుతారు కదా, తేడా ఏమిటి? వాళ్ల దగ్గర జవాబు ముందే ఉంటుంది. ఆగ్ దగ్గర ఉన్నది ప్రశ్న ఒక్కటే. దాన్ని జవాబుగా అమ్మలేదు, కాకతాళీయమని కొట్టిపారేయనూ లేదు. అప్పు రాసుకున్నట్టు రాసుకున్నాడు.

నేను చేసేది రెండోది. మా టీమ్‌లో సంబంధం లేని రెండు సర్వీసులు ఒకే రాత్రి పడిపోతే, టికెట్‌లో 'యాదృచ్ఛికం' అని రాసి మూసేశాను. ఆధారం? ఏమీ లేదు. అర్ధరాత్రి రెండైంది, నిద్రొస్తోంది, అంతే. 'తెలీదు' అని రాస్తే టికెట్ తెరిచే ఉంటుంది, దాని పక్కన నా పేరూ ఉంటుంది.

1992లో రిచర్డ్ బోర్చర్డ్స్ మాన్‌స్టర్‌కీ మాడ్యులర్ ఫంక్షన్లకీ ఉన్న బంధాన్ని నిరూపించాడు. 1998లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. మాన్‌స్టర్‌ని భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా ఆగ్ జాబితాలో ఎందుకుండాలో దాంతో అర్థమైంది. ఆ జాబితాలో ఉన్నవన్నీ మాన్‌స్టర్‌ని ఎందుకు భాగించాలి అన్న మిగతా సగం మీద పని ఆ తర్వాతా సాగింది. సగం తీరినా అది అప్పే.

నిన్న ఆ టికెట్ మళ్లీ తెరిచాను. కారణం ఇంకా దొరకలేదు. 'యాదృచ్ఛికం' కొట్టేసి 'తెలీదు' అని రాశాను.