మెట్లెక్కానని చెప్పేయొచ్చా?

మా ఉప్పాడలో కొండ లేదు. సముద్రం, చేపల పడవలు, జాందానీ మగ్గాలు, అంతా నేలమట్టమే. కొండెక్కాలంటే మాకు అన్నవరమే. పంపా నది ఒడ్డున రత్నగిరి, ఎత్తు సుమారు 300 అడుగులు. 1891లో వెలసిన సత్యదేవుడి దగ్గరికి మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది.

అమ్మ ఆపరేషన్ బాగా జరిగితే మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నా. తీరా వెళ్లిన రోజు ఆఫీస్ కాల్ లేటయింది, ఎండ ముదిరింది. కారులో పైకెళ్లి దర్శనం చేసుకున్నా. అమ్మ ఫోన్ చేసింది. "మెట్లెక్కావా నాన్నా?"

"ఆ, ఎక్కానమ్మా" అనేశా.

పైనుంచి పంపా నీళ్లు చూస్తుంటే వ్రతకథలోని సాధువనే వర్తకుడు గుర్తొచ్చాడు. పడవలో ఏముందని అడిగితే ఆకులూ తీగలూ అన్నాడు. సరుకంతా అవే అయిపోయింది. దాన్ని శిక్ష అనుకునేవాణ్ణి. కానీ అబద్ధమాడితే మన దగ్గరున్న దాని విలువ మనమే పోగొట్టుకుంటాం. నా దర్శనమూ ఆకులైపోయింది.

కారులో వెళ్లడం తప్పా? కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అలాగే వెళ్తారు, వాళ్ల భక్తేం తక్కువ కాదు. స్వామి కష్టానికి మార్కులు వేయడు. కానీ మాటిచ్చింది నేను.

మెట్ల మీదుగా దిగి, మళ్లీ ఎక్కాను. "ఇప్పుడు నిజమైపోయిందిగా" అంది మనసు. కాలేదు. చెప్పినప్పుడు అది అబద్ధమే. మెట్ల కంటే కష్టమనిపించినా అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశా.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, ప్రసాదం రెండు పొట్లాలు తే" అంది.