బొట్టు తీయనన్న వెంగమాంబ, మగ పేరు పెట్టుకున్న రుద్రమ

తిరుమలలో అన్నప్రసాదం తినే ఉంటారు. ఆ భవనం పేరు గమనించారా? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ. ఈసారి వెళ్తే ఒక్క నిమిషం ఆగి ఆ పేరు చదవండి.

ఆవిడ 1730లో తరిగొండలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లయింది, భర్త పోయారు. బొట్టు చెరిపెయ్యాలి, జుట్టు తీయించుకోవాలి అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకు చావెక్కడిది అన్నది ఆవిడ వాదన. కొండకు చేరి వేంకటాచల మాహాత్మ్యం రాశారు, ద్విపదలో భాగవతం రాశారు, యాత్రికులకు అన్నం పెట్టారు. ఈరోజుకీ రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఇచ్చేది ఆవిడ పేరు మీద ముత్యాల హారతే.

మనం వెంటనే దీన్ని మహిమ కథ చేసేస్తాం. అలా చేస్తే హాయి, ఆవిడ దేవతామూర్తి కాబట్టి మనింటికి ఆ లెక్క వర్తించదు!

ఇంకో కోణంలో చూడండి. "నేను వితంతువుని, అయినా బొట్టు పెట్టుకుంటాను" అంటే ఆ కాలం ఊరుకునేదా? నాకైతే నమ్మకం లేదు. స్వామినే భర్తగా చెప్పుకుంది కాబట్టి నిలబడగలిగింది. ఆవిడ భక్తి నిజం, అందులో సందేహం లేదు. కానీ ఆ భక్తే ఆవిడకు రక్షణ కూడా అయింది. అంతకు ఐదు వందల ఏళ్ల ముందు ఓరుగల్లులో రుద్రమదేవిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. గణపతిదేవుడి కూతురు, సింహాసనం ఎక్కింది, యుద్ధాలు చేసింది. శాసనాల్లో మాత్రం రుద్రదేవ మహారాజు. రాణికి కూడా మగ పేరు కావాల్సి వచ్చింది.

మరి సాధికారత అంటే? ఏ చాటూ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా ముందు వరసలో నిలబడగలగడం అని నాకనిపిస్తుంది.

మా చోడవరంలో పెళ్లి కుదిరితే తొలి శుభలేఖ స్వయంభూ వినాయకుడి దగ్గర పెడతారు. భర్త లేకుండా ఒంటిచేత్తో కూతుర్ని చదివించిన అమ్మే ఆ శుభలేఖ పట్టుకెళ్తుంది. పెళ్లి రోజున మాత్రం పీటల మీద మేనమామ, అత్త. అమ్మ వెనక స్తంభం దగ్గర. ఎవరూ పొమ్మనరు, తనే తప్పుకుంటుంది.

మీ ఇంట్లో అలాంటి పెళ్లి ఉంటే, శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే పంతులుగారితో కూర్చుని మాట్లాడండి. ముహూర్తం వేళ పిలిస్తే "వద్దులే నాన్నా" అనేది ఆ అమ్మే.