పైపొర అబద్ధమా?

ఒట్టపిడారంలో ఒక పెండ్లింట సొమ్ములు పెట్టే చెక్కపెట్టె ఒకటి చేతికి వచ్చింది. పైన నల్లని జిట్టేగి నిగనిగలు. మూత ఎత్తి అంచు చూస్తే లోపల ఉన్నది వేపచెక్క. పక్కనున్న పెద్దాయన నవ్వి, "ఏమప్పా, ఇది మోసం కాదా?" అన్నాడు.

ఈ ప్రశ్న చాలా పాతది. 1వ శతాబ్దంలోనే రోమన్ పండితుడు ప్లినీ, చౌక కర్రకు ఖరీదైన కర్రను తొక్కలా తొడుగుతున్నారనీ, ఒకే చెట్టును పలుమార్లు అమ్ముకునే ఉపాయమిదనీ ఎత్తిపొడిచాడు. కాని ఆ ఉపాయంలోనే ఒక పొదుపు కూడా ఉంది. జిట్టేగి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక పలకను రంపంతో పలుచని పొరలుగా కోస్తే, ఒక పెట్టెకు చాలే చెక్క నాలుగైదు పెట్టెలకు అందం ఇస్తుంది.

మన కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు అగ్గిపెట్టెలు ఒకప్పుడు పలుచని చెక్కపొరలతోనే చేసేవారు. తరువాత అట్ట వచ్చింది. ఆ పొరను ఎవరూ అబద్ధమనలేదు. అది తనను మరొకటిగా చెప్పుకోలేదు గనుక. అంటే తప్పు పొరలో లేదు, అమ్మేవాని మాటలో ఉంటుంది. ఆ పెట్టె చేసిన వడ్రంగి "వేప మీద జిట్టేగి పొర" అని ముందే చెప్పి, దానికి తగిన వెలే తీసుకున్నాడట. ఇత్తడి రేకును మేకు చుట్టూ వంచి బందులు కూడా తానే చేశాడు. మూత తెరిచిన ప్రతిసారీ అంచు కనబడుతూనే ఉంటుంది. దాచినది ఏమీ లేదు.

మనల్నీ ఇలాగే అడుగుతారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఏది చెక్క, ఏది పొర? నాకు తేల్చడం చేతకాదు. తరతరాలుగా అతుక్కున్నవాటిని ఊడబెరికితే రెండూ చీలుతాయి. ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలోనే రాశాడు, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాడు. తెలుగునాటి నుంచి వలస వచ్చినవారి కథను 'గోపల్ల గ్రామం'లో దాచకుండా చెప్పాడు. అంచు చూపించినవాడు మోసగాడు ఎలా అవుతాడు?

అయితే వడ్రంగికి తెలిసిన మరొక సంగతి ఉంది. పలకకు ఒక వైపే పొర అతికిస్తే, వజ్రం ఆరేటప్పుడు గుంజి పలక వంగిపోతుంది. అందుకే లోపలి వైపూ ఒక పొర వేస్తారు. అది ఖరీదైనది కానక్కరలేదు, ఉంటే చాలు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. బయటి వైపు బాగా మెరుగు పెట్టి, లోపలి వైపు వట్టిగా వదిలేశాం. రేపు పలక వంగితే చెక్కను తిట్టి లాభం లేదు.

పెద్దాయనతో ఇదే అన్నాను. ఆయన పెట్టెను మరొకసారి తెరిచి, మూత లోపలి వైపు వేలితో తడిమి చూశాడు. తరువాత, "మా మనవరాలికి అక్షరాలు నేర్పాలంటే ఏ పుస్తకం కొనాలి?" అని అడిగాడు.