మందుచీటీ – నైతిక బాధ్యత

మత్తు కలిగించే మందులను చట్టం రెండు తరగతులుగా విడదీస్తుంది: వైద్యుడు చీటీ రాసిచ్చినవి, దొంగచాటుగా అమ్ముడయ్యేవి. మొదటివి మింగి చనిపోయినవాణ్ణి లోకం రోగి అంటుంది. రెండవవాటితో పోయినవాణ్ణి నేరస్థుడంటుంది. పరిపాలనకు ఈ విభజన అవసరం కావచ్చు. కాని ఆ మరణానికి బాధ్యులెవరో తేల్చటానికి ఇదే కొలబద్ద అవుతుందా?

శరీరానికి ఈ భేదం లేదు. నల్లమందు జాతి మందులు ఎక్కడనుంచి వచ్చినా, మోతాదు మించితే మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని అణచివేస్తాయి. మద్యమో నిద్రమాత్రలో తోడైతే ప్రమాదం మరీ ఎక్కువ.

అమెరికా అనుభవం చూద్దాం. పర్డ్యూ ఫార్మా కంపెనీ 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్రను మార్కెట్టులో పెట్టి, దీనికి బానిసలయ్యే ప్రమాదం స్వల్పమని వైద్యులకు నూరిపోసింది. ఈ ప్రచారం మోసపూరితమని 2007లో దాని అనుబంధ సంస్థ కోర్టులో ఒప్పుకున్నది. ముగ్గురు పెద్ద అధికారులు కూడా నేరం అంగీకరించారు. అంతా కలిసి 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. జైలుకు మాత్రం ఒక్కరూ పోలేదు.

2010లో ఆ మాత్రను సులభంగా పొడిచేయటానికి వీలులేకుండా మార్చారు. అప్పటికే అలవాటుపడ్డవారికి తగినంత చికిత్స ఏర్పాటు కాలేదు. పలువురు హెరాయిన్‌కు మళ్ళారు. 2013 తర్వాత దొంగసరుకులో ఫెంటానిల్ ప్రబలింది. దాని బలం మార్ఫిన్‌కు 50 నుంచి 100 రెట్లు. 2021లో ఆ దేశంలో మందుల మోతాదు మించి చనిపోయినవారు లక్షకు పైబడ్డారు. వీరందరూ చీటీతోనే ఆరంభించారని కాదు. కాని దొంగబజారుకు గిరాకీ తయారుచేసినవాటిలో చట్టబద్ధమైన వ్యాపారం కూడా ఉన్నదన్నది కాదనలేని సత్యం.

అయితే ఈ మందులనే నిషేధించాలా? అదీ అమానుషమే. ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించి ఎగుమతి చేసే మన దేశంలోనే, 1985 నాటి చట్టం కింద వచ్చిన కఠిన నిబంధనలవల్ల కేన్సరు రోగికి మార్ఫిన్ అందటం దుర్లభమైంది. చివరకు 2014లో చట్టాన్ని సవరించవలసివచ్చింది. నొప్పి తీర్చమని అడగటం రోగి హక్కు.

కాబట్టి దోషం మందులో లేదు, చీటీ ఉండటంలోనూ లేకపోవటంలోనూ లేదు. ప్రమాదం తెలిసి, దాన్ని దాచి లాభం గడించినవారిలో ఉన్నది; బానిసైనవాడికి చికిత్సకు బదులు జైలు చూపిన ప్రభుత్వాలలో ఉన్నది. వీధిలో పట్టుబడిన కుర్రవాడికంటే ముందు బోనెక్కవలసినవారు వీరు.